షాఫర్ గోల్స్‌ను ఎలా లెక్కించాలి?

1917-18 హంగరీ ఫుట్‌బాల్ లీగ్‌లో ఒక్కో జట్టు ఆడింది 22 మ్యాచ్‌లు. బుడాపెస్ట్ క్లబ్ ఎంటీకే ఫార్వర్డ్ అల్‌ఫ్రేడ్ షాఫర్ ఒక్కడే కొట్టినవి 46 గోల్స్. మరుసటి సీజన్‌లో 41. ఆనాటి యూరప్‌లో అతన్ని మించిన స్ట్రైకర్ లేడని చెప్పాలనుకునేవాళ్లు ముందు చూపించేది ఈ లెక్కలే. నిజానికి షాఫర్ గొప్పతనానికి ఇవి బలహీనమైన సాక్ష్యం.

ఆ లీగ్ మొదటి ప్రపంచయుద్ధం మధ్యలో జరిగింది. ఆటగాళ్లను సైన్యం లాక్కుపోతుంటే మిగిలినవాళ్లతో నెట్టుకొచ్చిన జట్లు కొన్ని. ఎంటీకే మాత్రం కళకళలాడుతోంది. యుద్ధం మొదలయ్యాక ఆస్ట్రియాలో శత్రుదేశస్థుడిగా నిర్బంధంలో పడ్డ ఇంగ్లిష్ కోచ్ జిమ్మీ హోగన్ చివరికి బుడాపెస్ట్ చేరి ఆ క్లబ్‌కు శిక్షణ ఇస్తున్నాడు. షాఫర్ పక్కన ఆడింది కాల్మాన్ కోన్రాడ్, గ్యోర్గి ఓర్త్ లాంటివాళ్లు. అందుకే 46 అన్న అంకెతో వాపును చూసి బలుపు అనుకునే ప్రమాదం ఉంది. హంగరీ తరఫున అతను 15 మ్యాచ్‌లలో 17 గోల్స్ చేశాడు, కానీ యుద్ధకాలంలో హంగరీకి ఎక్కువగా దొరికిన ప్రత్యర్థి ఆస్ట్రియా. 1906 నుంచి 1927 దాకా 68 మ్యాచ్‌లాడి 59 గోల్స్ చేసిన ఇమ్రె ష్లోసర్ రికార్డుతో దీన్ని పోల్చలేం.

మరి షాఫర్ ప్రత్యేకత ఏమిటి? దానికి ఆనాటి ఆఫ్‌సైడ్ నిబంధన తెలియాలి. 1925 దాకా, ముందుకు వేసిన పాస్ అందుకునేవాడికీ గోల్‌లైన్‌కూ మధ్య కనీసం ముగ్గురు ప్రత్యర్థులు ఉండాలి, లేకుంటే అది ఆఫ్‌సైడ్ తప్పిదం. ఇప్పుడు ఇద్దరు చాలు. గోల్‌కీపర్‌ను తీసేస్తే మిగిలేది ఇద్దరు ఫుల్‌బ్యాక్‌లు, అంటే వెనక కాచే డిఫెండర్లు. వాళ్లలో ఒకడు నాలుగడుగులు ముందుకొస్తే ఎదుటి ఫార్వర్డ్‌లంతా ఆఫ్‌సైడే. లాంగ్ బాల్ కోసం ముందే పరుగెత్తే స్ట్రైకర్ ఆటకు అక్కడే తెరపడుతుంది. అయితే పాస్ వేసే క్షణంలో బంతికి వెనక ఉన్నవాడు ఎప్పటికీ ఆఫ్‌సైడ్ కాడు. బంతిని నేల మీదే ఉంచుతూ, వెనక నుంచి వచ్చే మనిషికి చిన్న పాస్‌లు ఇచ్చే ఎంటీకే ఆటకు ఈ కిటుకు బాగా కలిసొచ్చింది. షాఫర్ భారీ మనిషి, అనవసరంగా పరుగెత్తే రకం కాదు. బంతిని ఆపడం, సమయం చూసి ఇవ్వడం, గట్టిగా కొట్టడం అతని బలాలు. ఆ నిబంధన కింద పరుగు కన్నా ఇవే ఎక్కువ పనికొచ్చాయి. 1925లో నిబంధన సడలి వేగానికి గిరాకీ పెరిగేనాటికి అతనికి 32 ఏళ్లు.

1919లో హంగరీలో విప్లవం, దాని వెంటే బుడాపెస్ట్‌పై రుమేనియా సైన్యం ఆక్రమణ. ఆ వేసవిలోనే షాఫర్, సహచరుడు పేటర్ సాబో జర్మనీలోని న్యూరెంబర్గ్ క్లబ్‌లో చేరారు. ఆ తర్వాత బాసెల్, వాకర్ మ్యూనిక్, వియన్నా అమెచ్యూర్స్ (తర్వాతి ఆస్ట్రియా వియన్నా), స్పార్టా ప్రాగ్. నిలకడ లేనివాడని అతన్ని తప్పుపట్టడం తేలిక. కానీ ఆస్ట్రియాలో ప్రొఫెషనల్ లీగ్ మొదలైంది 1924లో, హంగరీలో 1926లో. అప్పటిదాకా ఆటగాడు కాగితాల మీద అమెచ్యూరే. చేతికందే డబ్బు చాటుమాటుగా అందేది, దానికి ఒప్పందం రక్షణ ఉండదు. అలాంటి చోట మెరుగైన బేరం వచ్చినప్పుడు కదలడమే తెలివి.

కోచ్‌గానూ అతని మజిలీలు చిన్నవే. ఎంటీకేలో పాత సహచరుడు యెనో కోన్రాడ్ న్యూరెంబర్గ్ కోచ్‌గా ఉండగా, యూదుడన్న కారణంతో నాజీ పత్రిక 'డెర్ ష్టూర్మర్' దాడికి దిగడంతో 1932లో ఆ ఊరు విడిచాడు. మరుసటి ఏడాది ఆ బాధ్యత షాఫర్‌కు వచ్చింది. 1934 జర్మన్ ఫైనల్‌లో ఆఖరి నిమిషాల దాకా ఆధిక్యంలో ఉన్న న్యూరెంబర్గ్, షాల్కె చేతిలో 2-1తో ఓడింది. తర్వాత తన పాత క్లబ్ ఎంటీకేకు (అప్పటి పేరు హుంగారియా) 1936, 1937 లీగ్ టైటిళ్లు అందించాడు. 1938 ప్రపంచకప్‌లో ఫైనల్ చేరి ఇటలీ చేతిలో 4-2తో ఓడిన హంగరీ జట్టుకు శిక్షణ ఇచ్చిందీ అతనే, అయితే రికార్డుల్లో ముందు కనిపించే పేరు సెలెక్టర్ కారోయ్ డీట్స్‌ది.

అసలైన పరీక్ష ఇటలీ క్లబ్ రోమా. తొలి సీజన్‌లో జట్టు లీగ్‌లో దిగువ సగంలో నిలిచింది, ఇటాలియన్ కప్ ఫైనల్‌లో వెనీస్ చేతిలో ఓడింది. 1941-42లో మాత్రం 30 మ్యాచ్‌లలో 16 గెలుపులు, 10 డ్రాలు, 4 ఓటములు. గెలుపుకు రెండు పాయింట్లే ఇచ్చే రోజులవి. 42 పాయింట్లతో, రెండో స్థానంలోని టొరినో కన్నా 3 ఎక్కువ సాధించి లీగ్ గెలిచింది. దేశ రాజధానికి తొలి టైటిల్ కావడంతో ముసోలినీ పుణ్యమేనన్న గుసగుసలు ఇప్పటికీ వినిపిస్తాయి. స్కోర్లు చెప్పే కథ వేరు: సీజన్ మొత్తంలో రోమా ఇచ్చుకున్నవి 21 గోల్స్. గోల్‌పోస్టుల మధ్య మసెట్టి ఉన్నాడు, ముందు వరుసలో ఇరవై ఏళ్ల అమెదేయో అమదేయి 18 గోల్స్ చేశాడు. గోల్స్ వరద పారించి పేరు తెచ్చుకున్న మనిషి కోచ్‌గా తన అతిపెద్ద విజయాన్ని గోల్స్ ఇవ్వకుండా సాధించాడు.

తర్వాతి సీజన్‌లోనే అతని స్థానంలో మరో హంగరీయుడు గేజా కెర్టేస్ వచ్చాడు. షాఫర్ చివరి క్లబ్ బాయెర్న్ మ్యూనిక్. 1945 ఆగస్టులో, 52 ఏళ్ల వయసులో బవేరియాలో చనిపోయాడు. రోమా రెండో లీగ్ టైటిల్ గెలిచింది 1983లో.