ఖర్చుకు పోలండు, ధరకు చైనా

ధరలను బజారుకు వదిలే ఆర్థిక సంస్కరణలను ఒక్క దెబ్బతో అమలు చేయాలా, అంచెలంచెలుగా చేయాలా అన్న వివాదం ముప్పయ్యేళ్లకు పైగా తెగకపోవడం చూస్తే, ఆర్థికవేత్తలెవరూ దాళ్వా (రెండో పంట) కోతలప్పుడు కోనసీమకు రాలేదని రూఢిగా చెప్పవచ్చు. వచ్చి ఉంటే, ఆ రెండు పద్ధతులూ ఒకే రైతు మీద, ఒకే పంటకాలంలో, ఒకదానికొకటి అడ్డు రాకుండా ఎంత చక్కగా అమలవుతున్నాయో కళ్లం గట్టు మీదే కూర్చుని రాసుకుని వెళ్లేవారు.

పోలండులో 1989 జూన్ 4న కొంతవరకైనా స్వేచ్ఛగా ఎన్నికలు జరిగాయి. 1990 జనవరి 1 నుంచి ఆర్థిక మంత్రి లెషెక్ బల్సెరోవిచ్ చాలా వస్తువుల ధరల మీద ఉన్న అదుపును ఒక్కసారిగా ఎత్తివేశారు. ధరలు మండాయి, నిరుద్యోగం పెరిగింది, కొన్నేళ్లకు దేశం కోలుకుంది. సరిగ్గా అదే జూన్ 4న బీజింగులో ప్రజాస్వామ్యం కోరినవారి మీద సైన్యం కాల్పులు జరిపింది. చైనా ఓటు ఊసే లేకుండా ధరలను మాత్రం మెల్లగా వదిలింది: కోటా ధాన్యం సర్కారు ధరకు, మిగిలింది బజారు ధరకు. ఈ రెండింటిలో ఏది మేలో తేలక పండితులు తలలు పట్టుకున్నారు. మన ప్రభుత్వాలకు ఆ అవస్థ లేదు. అవి రైతు ఖర్చుకు పోలండును, రైతు ధరకు చైనాను ఎంచుకున్నాయి.

1991లో పీ.వీ. నరసింహారావు ప్రభుత్వం సంస్కరణలు మొదలుపెట్టిన మరుసటి ఏడు, ఆగస్టులో, ఫాస్ఫేటు, పొటాషు ఎరువుల ధరలపై అదుపు తొలగించింది. ఫాస్ఫేటు ఎరువైన డీఏపీ బస్తాకు ఆ రోజే మైనారిటీ తీరింది. డీజిలుకు 2014లో తీరింది. ధాన్యం ఇంకా మైనరే. దాని తరఫున సంతకాలన్నీ సంరక్షకులే చేస్తారు: బాస్మతియేతర బియ్యం ఎగుమతిని 2007లో ఆపారు, 2011లో వదిలారు, 2023 జూలైలో తెల్ల బియ్యం వరకు మళ్లీ ఆపారు, 2024 సెప్టెంబరులో మళ్లీ వదిలారు. దీన్ని విధానం అనకూడదనే వారు మా కాలువ లాకుల దగ్గర లస్కరు తలుపులు ఎత్తడం, దించడం చూసి ఉండరు. కాకపోతే లస్కరు నీటిమట్టం చూసి ఎత్తుతాడు.

పైగా ఈ విధానం వల్ల డెల్టా రైతుకు మేలు జరగలేదనడం అన్యాయం. వియత్నాం 1986లో సంస్కరణలు మొదలుపెట్టి, మూడేళ్లకే బియ్యం దిగుమతులు మాని ఎగుమతులకు దిగింది. 2023లో మనం తలుపు దించగానే వారి బియ్యానికి ధర ఎగిసింది. మేలు తప్పకుండా జరిగింది. ఆ డెల్టా మాత్రం మెకాంగ్‌ది.

ఇక ప్రజాస్వామ్యం ముందా, వృద్ధి ముందా అన్న ప్రశ్న. రష్యా 1992లో పౌరులందరికీ తలా 10,000 రూబుళ్ల వోచరు పంచి కర్మాగారాలలో వాటా ఇచ్చామంది. చాలామంది దాన్ని కారుచౌకగా అమ్ముకున్నారు. (మన దగ్గర అయిదేళ్లకోసారి అందే కవరులో రొక్కమే ఉంటుంది కాబట్టి అమ్ముకునే శ్రమ లేదు.) కాలువలకు సైతం ప్రజాస్వామ్యం తెచ్చిన ఘనత మనది. 1997లో చట్టం చేసి, రాష్ట్రమంతటా 10,000కు పైగా నీటి వినియోగదారుల సంఘాలకు ఎన్నికలు జరిపారు. శివారు ఆయకట్టుకు అంతకుముందు నీరు ఎందుకు రాలేదో అధికారి చెప్పేవాడు. ఆ తరువాత అదే సంగతిని ఎన్నికైన అధ్యక్షుడు చెప్పాడు. ఈ పరివర్తనను తక్కువగా అంచనా వేయరాదు.

2011 సార్వాకు (తొలి పంటకు) కోనసీమ రైతులు వేలాది ఎకరాలు బీడు పెట్టి పంట విరామం ప్రకటించారు. గిట్టుబాటు కాని ధర, పెరిగిన కూలి, ఖాళీ లేని గోదాములు వారి అభియోగాలు. ఏ పోలింగ్ కేంద్రమూ లేకుండా జరిగిన ఈ ఓటింగుకు జవాబుగా రాష్ట్ర ప్రభుత్వం మాజీ ప్రధాన కార్యదర్శి మోహన్ కందా కమిటీని వేసింది.

కాబట్టి నా ప్రతిపాదన చాలా చిన్నది. ఒక్క దాళ్వాకు మాత్రం దేశాలను తారుమారు చేసి, ధరకు పోలండును, ఖర్చుకు చైనాను పెట్టి చూడాలి. దీనికి సిద్ధాంతరీత్యా అభ్యంతరాలున్నవారు కొనుగోలు కేంద్రంలోని తేమ యంత్రాన్ని తెప్పించి, నా ప్రతిపాదనలో తేమ 17 శాతానికి మించిందేమో కొలిపించవచ్చు. మించితే తరుగు తీసుకోవచ్చు, మాకది అలవాటే.