మహారాజశ్రీ ఇరిడియం ప్లగ్గు గారి దివ్య సముఖమునకు

విజయవాడ ఆటోనగర్‌లో ఓ స్పేర్‌పార్టుల కొట్టు అద్దాల బీరువాలో కొలువై ఉండే, ఇంజన్‌లో పెట్రోలుకు నిప్పంటించే ఇరిడియం స్పార్క్ ప్లగ్గు గారికి, 22 ఏళ్ళ పాత కారు యజమాని నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను గానీ, ఇటువైపు కుశలం అంతంతమాత్రం. ఆ ముక్క మీ ఒక్కరికే వర్తింపజేసుకోగలరు.

మాది మూడు సిలిండర్లు, 800 సీసీ. ఆ మధ్య మిస్సింగ్ కొట్టడం మొదలుపెట్టింది. కనకదుర్గ వారధి ఎక్కేసరికి మూడింట్లో ఒకటి సమ్మెకు దిగేది. కొట్టుకెళ్ళి సంగతి చెబుతుంటే, నా మాట పూర్తి కాకముందే కొట్టాయన మిమ్మల్ని తీసి కౌంటరు మీద పెట్టాడు. "ఇరిడియం వేయించండి సార్. పికప్ అదిరిపోద్ది. మైలేజీ లీటరుకి రెండు కిలోమీటర్లు పెరుగుద్ది." మామూలు రాగివి లేవా అన్నాను. పెళ్ళి నగల కొట్టులో గిల్టు గాజులు అడిగినవాణ్ణి చూసినట్టు చూశాడు. ఒక్కోటి 750, మూడు కలిపి 2,250. అక్కడే ఉన్న కుర్రాడు పానా పట్టుకొచ్చి పదిహేను నిమిషాల్లో మిమ్మల్ని బిగించేశాడు. పాతవాటిని న్యూస్‌పేపర్లో చుట్టి నా చేతిలో పెట్టాడు.

వారధి ఎక్కాను. మిస్సింగ్ అలాగే ఉంది.

ఎంత గొప్ప వంశమండీ మీది! 1803లో లండన్‌లో రసాయన శాస్త్రవేత్త స్మిత్సన్ టెనంట్ మీ ఇరిడియం లోహాన్ని కనిపెట్టాడు. మీ లవణాలు రంగురంగుల్లో కనబడుతున్నాయని గ్రీకుల హరివిల్లు దేవత ఐరిస్ పేరు పెట్టాడు. కిలో అంటే ఎంతో లోకానికంతా తేల్చిచెప్పడానికి 1889 నుంచి 2019 దాకా పారిస్ శివార్లలో ఓ లోహపు దిమ్మెను గాజు గిన్నెల కింద దాచారు చూడండి, అందులో 90 పాళ్ళు ప్లాటినం, 10 పాళ్ళు మీరు. అంతెందుకు, 6.6 కోట్ల ఏళ్ళ నాటి మట్టిపొరలో మీరు ఉండాల్సినదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ ఉన్నారని చూసే కదా, అల్వారెజ్ తండ్రీకొడుకులూ వాళ్ళ జట్టూ 1980లో డైనోసార్లను ఆకాశంనుంచి పడ్డ రాయి చంపిందని చెప్పింది! అంతటి రాయితో కలిసి దిగినవారు మా రెండో సిలిండరు ముందు చేతులెత్తేశారు.

మీ గుణం తెలియక అంటున్న మాట కాదిది. నికెల్ 1455 డిగ్రీలకు కరిగిపోతుంది. ప్లాటినం 1768 దాకా ఓర్చుకుంటుంది. మీరు 2400 దాటినా చలించరు. అందుకే మీ మొనను 0.4, 0.6 మిల్లీమీటర్ల సన్నగా చేసినా నిలబడుతుంది. నికెల్‌ను అంత సన్నగా చేస్తే దీపపు వత్తిలా కాలిపోతుంది కాబట్టి దానికి రెండున్నర మిల్లీమీటర్ల మొద్దు ముక్కు పెట్టారు. సన్నటి మొన నుంచి తక్కువ ఓల్టేజీకే నిప్పురవ్వ దూకుతుంది. ఆ పుట్టీ పుట్టని మంట వేడిని లాగేసుకునే లోహం కూడా చుట్టూ తక్కువే. ఇదంతా ఒప్పుకుంటాను. 3000 ఆర్‌పీఎంలో ఒక్కో ప్లగ్గు సెకనుకు 25 సార్లు నిప్పు రాజేయాలి. రోజూ అలా కొట్టుకుంటూ లక్ష కిలోమీటర్లు అరగకుండా నిలబడటం మాటలు కాదు.

కానీ అయ్యా, మీకున్నది మన్నిక. నాకు అమ్మింది పికప్. ఆగే గుణాన్ని లాగే గుణం అని చెప్పి అంటగట్టారు. బాగున్న ఇంజన్‌లో నిప్పు అంటుకున్నాక కాలేది అదే పెట్రోలు, అదే గాలి. అగ్గిపుల్ల గంధపు చెక్కదైనంత మాత్రాన ఎసట్లో సోలెడు బియ్యం సోలన్నర కావు కదా.

పైగా ఆ రాగిని అలా తీసిపారేశారే, అదే నాకు మింగుడుపడలేదు. రాగి ప్లగ్గు అని మేం పిలిచేదాని మొన అసలు రాగే కాదు, నికెల్ మిశ్రమం. రాగి లోపల, పింగాణీ చాటున ఉండి వేడిని బయటికి లాగిపోస్తుంటుంది. మీ కడుపులో మాత్రం ఉన్నదేమిటి? అదే రాగి. చివర అతికించిన చుక్కంత ముక్క ఒక్కటే ఇరిడియం. కరెంటు మోయడంలో మీరు రాగిలో మూడో వంతు, ప్లాటినం గారైతే ఆరో వంతు. పల్లకీ మోసేది ఒకరు, ఊరేగేది ఇంకొకరు.

మా వీధి చివర మెకానిక్ బాబాయ్ దగ్గరికి ముందే వెళ్ళాల్సింది. ఆయన న్యూస్‌పేపరు విప్పి పాత ప్లగ్గుల్ని ఒక్కొక్కటే వెలుతురులో పెట్టి చూశాడు. రెండింటి పింగాణీ ముక్కు బిస్కెట్ రంగులో ఉంది. రెండోదాని మీద మాత్రం తడి మసి. "రెండు బ్రహ్మాండంగా మండుతున్నాయి. ఇది ఒక్కటే కాలట్లేదు. మూడూ ఎందుకు పీకించావురా అబ్బాయ్? చీకటి పడ్డాక రా" అన్నాడు.

చీకటి పడ్డాక వెళ్ళాను. ఇంజన్ స్టార్ట్ చేయించి, బానెట్ ఎత్తి, షెడ్డులో లైటు ఆర్పేశాడు. రెండో సిలిండరు వైరు మీద, వెంట్రుకంత పగులు దగ్గర, నీలంగా ఓ మిణుగురు. చిట్... చిట్... చిట్. పక్కనున్న ఇంజన్ ఇనుములోకి దూకుతోంది. 12 ఓల్టుల బ్యాటరీ కరెంటును కాయిలు ఇరవై వేల ఓల్టులు చేసి పంపుతుంటే, అది మీ గడప తొక్కకుండా దారిలోనే దిగిపోతోంది. పాపం, మీ తప్పేమీ లేదు. మీ ఇంటికి కరెంటే రావట్లేదు. వైర్ల సెట్టు 450 రూపాయలు. పరీక్షకోసమని బాబాయ్ మిమ్మల్ని ఊడదీసి, పాతవాటిని పెట్రోల్లో కడిగి, బ్రష్షు కొట్టి, ఫీలర్ గేజీతో కొలిచి, నిప్పురవ్వ దూకే సందు, అదే గ్యాప్, 0.8 మిల్లీమీటర్లు పెట్టి బిగించాడు. ఇంజన్ గోరువెచ్చని పాలు తాగిన పిల్లిలా గురగురమంది. నేను వాటినే ఉంచేయమన్నాను.

మీకు తగిన ఇళ్ళు లేవని కాదు. టర్బో బండ్లున్నాయి. సీఎన్‌జీ కొట్టించిన బండ్లున్నాయి, ఆ గ్యాస్‌లో నిప్పురవ్వ దూకాలంటే ఓల్టేజీ ఎక్కువ కావాలి కాబట్టి మొన అరిగి గ్యాప్ పెరిగితే కాయిళ్ళ ప్రాణం మీదికొస్తుంది. కొన్ని ఇంజన్లలో ప్లగ్గు మార్చాలంటే పైనున్న గాలి గొట్టాల మానిఫోల్డు మొత్తం విప్పాలి. అక్కడ మీరు లేకపోతే కూలికే ఆస్తులమ్ముకోవాలి. కంపెనీ పుస్తకంలో మీ పేరు రాసి ఉన్న కారుకు 120 రూపాయల నికెల్ బిగించేవాళ్ళ మీద ఇంకో ఉత్తరం రాయొచ్చు, కానీ అది మీకు రాసేది కాదు.

చివరగా ఓ లెక్క. మా కారు ఏడాదికి నాలుగు వేల కిలోమీటర్లు తిరుగుతుంది. లక్ష కిలోమీటర్ల మీ ఆయుష్షు తీరాలంటే 25 ఏళ్ళు పడుతుంది. దాని ఆర్సీ గడువు ఇంకో మూడేళ్ళుంది.

కొట్టుకు తీసుకెళ్ళి వాపసు తీసుకోమంటే, బిగించిన సరుకు మళ్ళీ ముట్టుకోం అన్నారు. మూడు రోజులు కూడా కాపురం చేయలేదు మొర్రో అన్నా వినలేదు. ప్రస్తుతం మీరు ముగ్గురూ మా టీవీ కింద సొరుగులో, పాత రిమోట్ల పక్కన వేంచేసి ఉన్నారు.

ఇట్లు,
రెండో సిలిండరు తరఫున,
మీ కొనుగోలుదారు

తా.క.: మా బావమరిది టర్బో కారు కొన్నాడంటే సంబరపడి మిమ్మల్ని తీసుకెళ్ళాను. వాళ్ళది 12 మిల్లీమీటర్ల థ్రెడ్డట. మీది 14. పైగా హీట్ రేంజ్, అంటే ప్లగ్గు తన వేడిని ఎంత త్వరగా వదిలించుకుంటుందో చెప్పే అంకె, ఎంత అని అడిగాడు. ఎన్‌జీకే కంపెనీ ప్లగ్గుల్లో అంకె పెరిగితే చల్లటి ప్లగ్గు, బాష్ కంపెనీవాటిలో అంకె పెరిగితే వేడి ప్లగ్గు అని బాబాయ్ చెప్పిన పాఠం ఒప్పజెబుతుంటే, మా చెల్లెలు కాఫీ తెచ్చి మాట మార్చేసింది. ఈ సంబంధమూ తప్పిపోయింది.