ఊరందరిదీ ఒకే నీళ్లు, జబ్బు మాత్రం ఒక్క ఇంట్లోనే

నల్లగొండ జిల్లా మునుగోడు, మర్రిగూడ వైపు ఎవరి నడక తేడాగా కనిపించినా ఫ్లోరైడ్ నీళ్లే కారణమంటారు. అలా అనడంలో తప్పు లేదు. దశాబ్దాల పాటు బోరు నీళ్లు అక్కడ మనుషుల ఎముకల్ని వంచేశాయి. ఆ నీళ్లను శుద్ధి చేసే పద్ధతికే 'నల్లగొండ టెక్నిక్' అని పేరు పడింది. అయితే జవాబు ముందే తెలిసిపోయిన చోట ఇంకో ప్రశ్న ఎవరూ అడగరు. ఫ్లోరైడ్ చాటున వేరే జబ్బులు ఏళ్ల తరబడి బయటపడకుండా ఉండిపోతాయి.

విల్సన్ వ్యాధి అనే అరుదైన జబ్బు అలాంటిదే. 1912లో దీన్ని వివరించిన నరాల వైద్యుడు కినియర్ విల్సన్ పేరే దీనికి నిలిచింది. తిండిలో వచ్చే రాగిలో అవసరానికి మించినదాన్ని కాలేయం పైత్యరసంలో కలిపి బయటికి పంపాలి. అందుకు కావాల్సిన ఏటీపీ7బీ జన్యువు అమ్మ నుంచీ నాన్న నుంచీ లోపంతోనే అందితే, రాగి ముందు కాలేయంలో, తర్వాత మెదడులో పేరుకుంటుంది. బాగా చదివే పిల్లాడి చేతిరాత చెడిపోతుంది. మాట ముద్దగా వస్తుంది, చొంగ కారుతుంది, చేతులు వణుకుతాయి, ఊరికే కోపం వస్తుంది. ఇంట్లో వాళ్లు గాలి సోకిందనుకుంటారు. కొందరికి ముందు పచ్చకామెర్లు వస్తాయి, పసరు మందు పోయించి ఊరుకుంటారు.

ఫ్లోరోసిస్ ముదిరితే వెన్నుపాము నొక్కుకుపోయి కాళ్లు చచ్చుబడొచ్చు. అందుకే పొరపాటు పడడం సహజం. కానీ మాట ముద్దగా రావడం, చొంగ కారడం ఫ్లోరైడ్ పని కాదు. ఇంకో తేడా డాక్టర్ కానివాళ్లకూ తెలుస్తుంది. నీళ్ల జబ్బు వాడంతా కనిపిస్తుంది. ఇరుగుపొరుగు బాగుండి, ఒక్క ఇంట్లోనే అన్నకూ చెల్లెకూ వణుకు వస్తే అడగాల్సింది చుట్టరికం గురించి.

మేనరికమా అని అడగ్గానే ఆ ఇంట్లో మాట ఆగిపోతుంది. నింద కోడలి మీద పడుతుంది. నిజానికి లోపం ఇద్దరి నుంచీ రావాలి, ఇద్దరూ పైకి ఆరోగ్యంగానే ఉంటారు. అలాంటి జంటకు ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ముప్పు. మేనరికం ఈ అవకాశాన్ని పెంచుతుంది, అంతే. చుట్టరికం లేని జంటలకూ ఇది రావచ్చు.

అరుదైన జబ్బు అనగానే కోట్ల ఇంజెక్షన్లు, విరాళాల వీడియోలు గుర్తొస్తాయి. ఇక్కడ ఆ అవసరం లేదు. వంశపారంపర్య మెదడు జబ్బుల్లో మందులున్న కొద్దిపాటి వాటిలో ఇదొకటి. బ్రిటిష్ వైద్యుడు జాన్ వాల్ష్, ఒంట్లోని రాగిని మూత్రంలో బయటికి పంపే పెనిసిలమైన్ మందును 1956లోనే దీనికి వాడి చూపించాడు. జింక్ కూడా పనిచేస్తుంది. కంటి డాక్టర్ స్లిట్ ల్యాంప్ అనే పరికరంతో చూస్తే, నరాల లక్షణాలున్న చాలామందిలో నల్లగుడ్డు అంచున గోధుమ రంగు వలయం కనిపిస్తుంది. రక్తంలో రాగిని మోసే సెరులోప్లాస్మిన్ అనే ప్రొటీన్, 24 గంటల మూత్రంలో రాగి చూస్తే చాలావరకు తేలిపోతుంది. 2021 జాతీయ విధానం కింద హైదరాబాద్‌లో నిమ్స్ ఆసుపత్రి, జన్యు పరీక్షల సంస్థ సీడీఎఫ్‌డీ అరుదైన జబ్బులకు ప్రత్యేక కేంద్రంగా ఉన్నాయి. కానీ అక్కడికి పంపాలంటే ముందు ఇక్కడి డాక్టర్‌కు అనుమానం రావాలి. వైకల్య ధ్రువపత్రాల క్యాంపులో వైకల్యం ఎంత శాతమో రాస్తారు. ఎందుకు వచ్చిందో, ఇంట్లో ఇంకెవరికైనా ఉందో కూడా అక్కడే అడిగితే బాగుంటుంది.

తగ్గిందని మాత్రలు మానేయడం ఇందులో పెద్ద ప్రమాదం. మందు జీవితాంతం వాడాలి, లేదంటే కాలేయం ఉన్నట్టుండి దెబ్బతినొచ్చు. ఇక చెల్లెకు పరీక్ష చేయిస్తే సంబంధాలు రావని దాచేవాళ్లున్నారు. లక్షణాలు మొదలవకముందే మందు పడితే ఆ పిల్ల అందరిలాగే చదువుకుంటుంది, పెళ్లి చేసుకుంటుంది, డాక్టర్ సలహాతో పిల్లల్ని కంటుంది. వణుకు మొదలయ్యాక తెలిస్తే మాత్రం పోయిన మాట పూర్తిగా తిరిగి రాకపోవచ్చు.