నెలవారీ ప్రగతి నివేదిక గారికి ఒక ఉత్తరం

నెలవారీ ప్రగతి నివేదిక గారికి,

నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేము ఎనిమిది మందిమీ క్షేమం. మీరు క్షేమమేనా అని అడగను, మీరెప్పుడూ క్షేమమే. జీతాలు 9వ తారీఖుకి జరిగిన నెలలో కూడా మీ ఒంటి మీద ఒక్క ఎర్ర గీత కనబడలేదు.

మీరు శుక్రవారం సాయంత్రం, మా బ్యాగులు భుజానికెక్కాక, 14 పేజీల పీడీఎఫ్‌గా దిగుతారు. వెంటనే గ్రూపులో అందరం బొటనవేలు బొమ్మ పెట్టేస్తాం. చదువు రానివాళ్లు కాగితం మీద వేలిముద్ర వేసినట్టే అనుకోండి.

ఒక్క నెల మాత్రం మిమ్మల్ని ఆసాంతం చదివాను. 3వ పేజీలో ఆర్డర్ల గ్రాఫ్ చూసి కళ్లు తిరిగాయి. ఈ నెల స్తంభం పోయిన నెలదానికి సరిగ్గా మూడింతల ఎత్తుంది. ఏం జరిగిందా అని పెద్దది చేసి చూద్దును కదా, పక్కన అంకెలు 0 నుంచి కాదు, 95 నుంచి మొదలయ్యాయి. పోయిన నెల 96 ఆర్డర్లు, ఈ నెల 98! 5వ పేజీలో 'కొత్త కస్టమర్లలో 50 శాతం వృద్ధి' అన్నారు. ఇద్దరు కాస్తా ముగ్గురయ్యారు. ఆ మూడో ఆయన మా సార్ బావమరిది. ఇక 7వ పేజీలో 'ఇప్పటివరకు మొత్తం ఆర్డర్లు' అనే గీత. మొదటి రోజు నుంచీ కూడుకుంటూ పోయే లెక్క దిగమన్నా ఎలా దిగుతుంది? నా వయసూ అలాగే పెరుగుతోంది, ఎవరూ చప్పట్లు కొట్టడం లేదు.

మేం అడిగేది చాలా చిన్నది. అమ్మినదాంట్లో చేతికెంత వచ్చింది, బాకీలు ఎన్నాళ్లుగా ఆగాయి, బ్యాంకులో ఉన్నది ఎన్ని నెలల ఖర్చుకి వస్తుంది. లాభం మీ దగ్గరా, డబ్బు కస్టమర్ దగ్గరా ఉంటే జీతం ఎక్కడి నుంచి వస్తుందండీ? మీరు చెప్పరు కనుక అకౌంటెంట్ గారి గొంతు వింటాం. 'సార్, ఆ పాత బిల్లు ఒకసారి చూడండి' అని ఆవిడ ఫోన్‌లో మెత్తగా అడిగితే ఆ నెల జీతం లేటు. పెట్టేశాక నవ్వితే వసూలైనట్టు. ఇంతవరకు ఆ లెక్క తప్పలేదు.

మీ వంశమంతా ఇంతే అననులెండి. 1983లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జాక్ స్టాక్, ఆయన తోటి మేనేజర్లు తాము పనిచేస్తున్న ఇంజన్లు బాగుచేసే ప్లాంటును ఇంటర్నేషనల్ హార్వెస్టర్ నుంచి కొనుక్కున్నారు. సొంత డబ్బు లక్ష డాలర్లు, అప్పు 89 లక్షల డాలర్లు. అంత అప్పు నెత్తిన పెట్టుకుని కూడా లెక్కలు దాచలేదు. చేతులకు గ్రీజు అంటుకున్న వాళ్లకే ఆదాయం, ఖర్చు, నగదు పట్టికలు చదవడం నేర్పి, క్రమం తప్పకుండా వాళ్ల ముందు పెట్టారు. మీరేమో ఎనిమిది మందికి భయపడి 14 పేజీల చాటున దాక్కుంటారు.

ఇట్లు,
మీ 11వ పేజీలో 'మానవ వనరులు: 8' అన్నచోట ఎనిమిదో వంతు.

తా.క.: పోయిన నెల, ఆ పెద్ద ఆర్డరు చేజారాక, మీరసలు రానేలేదు. 'నివేదిక డిజైన్ మారుస్తున్నాం, త్వరలో కొత్త రూపంలో' అని గ్రూపులో మెసేజ్ వచ్చింది. దానికీ అలవాటుగా వేలిముద్రలు వేసేశాం. అకౌంటెంట్ గారు మాత్రం వేయలేదు.