సవరణ: గుండెపోటు రోగి మంచం దిగవచ్చా?

"గుండెపోటు వచ్చినవారు డిశ్చార్జి దాకా మంచం దిగకూడదు" అన్న గత పోస్టులోని వాక్యాన్ని ఇలా మార్చి చదవండి: నొప్పి తగ్గి, బీపీ, గుండె లయ నిలకడగా ఉంటే చాలామందిని మొదటి 24 గంటల్లోనే కుర్చీలో కూర్చోబెడతారు, ఆపైన మెల్లగా నడిపిస్తారు. ఎప్పుడన్నది డాక్టర్ చెప్పాలి, చూడ్డానికొచ్చిన బంధువులు కాదు. వారాల తరబడి పడుకోబెట్టే పద్ధతిని అమెరికాలో లెవైన్, లౌన్ అనే డాక్టర్లు 1952లోనే ప్రశ్నించారు. కదలకపోతే కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టవచ్చు, కండరాలూ నీరసిస్తాయి.

తొడ దగ్గరి రక్తనాళం గుండా యాంజియోప్లాస్టీ (మూసుకుపోయిన గుండె రక్తనాళాన్ని తెరిచే చికిత్స) చేస్తే మాత్రం కొన్ని గంటలు ఆ కాలు మడవకూడదు. బాత్రూంలో ముక్కడమూ వద్దు. మొహమాటపడకుండా మలబద్ధకం సంగతి నర్సుకు చెప్పండి, మందిస్తారు. నడుస్తుండగా ఛాతీ నొప్పి, ఆయాసం, కళ్లు తిరగడం ఏది వచ్చినా వెంటనే ఆగి సిబ్బందిని పిలవాలి.