పారిస్ పెద్దలు రాయడం మరిచిన వాక్యం

1858 ఆగస్టులో ఏడు రాజ్యాల ప్రతినిధులు పారిస్‌లో కూర్చుని, ఒట్టోమన్ సామ్రాజ్యం కింద ఉన్న మోల్దావియా, వలాకియా సంస్థానాలకు (అంటే తర్వాతి రొమేనియాకు) రాసిచ్చిన ఒడంబడికను పాలనాదక్షతకు పరాకాష్ఠగా ఇంతవరకూ ఎవరూ కొనియాడకపోవడం అన్యాయం. ఆ రెండు ప్రాంతాలవారి భాష ఒకటే, మతం ఒకటే, కోరుతున్న రాజ్యమూ ఒకటే కాబట్టి, వారికి ఇద్దరు పాలకులు, రెండు మంత్రివర్గాలు, రెండు శాసనసభలు, రెండు రాజధానులు ఉండటమే శ్రేయస్కరమని పెద్దలు తేల్చారు. వారు మరీ నొచ్చుకోకుండా పేరుకు ముందు 'సంయుక్త' అని తగిలించి, సరిహద్దులోని ఫోక్షానిలో ఉమ్మడి చట్టాల కోసం 16 మందితో ఒక కేంద్ర సంఘాన్ని కూడా కొలువుదీర్చారు.

ప్రజాభిప్రాయాన్ని ఖాతరు చేయలేదనడం మాత్రం అపవాదు. అంతకుముందు ఏడాదే మోల్దావియాలో దాన్ని సేకరించారు. తాత్కాలిక పాలకుడు వొగొరిదె ఓటర్ల జాబితాలను ఎంతో శ్రద్ధగా 'సవరించి' ఏకీకరణ వ్యతిరేకులను గెలిపించాడు. ఆయన రహస్య ఉత్తరాలు బయటపడి, ఫ్రెంచ్ చక్రవర్తి మూడో నెపోలియన్ పట్టుబట్టాక ఆ ఎన్నిక రద్దయింది. మళ్లీ జరిపితే, అవే ఊళ్లు సరిగ్గా తలకిందులుగా తీర్పునిచ్చాయి.

ఇక ఒడంబడికలో పాలకుడికి ఎన్నేళ్లుండాలో, ఆదాయం ఎంతుండాలో, తండ్రి ఎక్కడ పుట్టి ఉండాలో కూడా రాసిన ఆ మహామేధావులు, రెండు చోట్లా ఒకే మనిషిని ఎన్నుకోకూడదని మాత్రం రాయలేదు. అక్కడివారి పాత పంచాంగం ప్రకారం 1859 జనవరి 3 రాత్రి మోల్దావియా రాజధాని యాష్‌లోని ప్రకృతి విజ్ఞాన ప్రదర్శనశాలలో, ఏనుగు అస్థిపంజరం ఉన్న గదిలో అక్కడి జాతీయవాదులు సమావేశమై, అలెగ్జాండ్రు కూజా అనే సైనికాధికారి పేరు ఖాయం చేశారు. ఐరోపా దౌత్యం మొత్తానికీ తట్టనిది ఆ ఏనుగు సమక్షంలో తేలిపోయింది. 5వ తేదీన యాష్ శాసనసభలో 48 ఓట్లూ ఆయనకే పడ్డాయి. 24న వలాకియా రాజధాని బుకారెస్ట్‌లో, శాసనసభ చుట్టూ జనం మోహరించి ఉండగా, 64 ఓట్లూ ఆయనకే పడ్డాయి. ఇద్దరు పాలకులుండాలన్న ఆజ్ఞను అక్షరాలా శిరసావహించారు. ఆ ఇద్దరూ ఒక్కరే కావడం యాదృచ్ఛికం.

ఆ తర్వాత మూడేళ్లపాటు కూజా రెండు మంత్రివర్గాలతో, రెండు సభలతో ఒడంబడికను గౌరవించాడు. చివరికి 1861 డిసెంబరులో ఒట్టోమన్ సుల్తాన్ ఏకీకరణకు అనుమతిచ్చాడు గానీ, కూజా పాలకుడిగా ఉన్నన్నాళ్లే అన్న షరతు పెట్టాడు. ఒక దేశం ఉనికిని ఒక మనిషి ఉద్యోగానికి ముడిపెట్టిన ఆ దూరదృష్టిని ఎంత పొగిడినా తక్కువే. మఠాల భూములు స్వాధీనం చేసుకుని, రైతులకు భూములు పంచి, తనను ఎన్నుకున్నవారినే శత్రువులుగా చేసుకున్న కూజాను 1866 ఫిబ్రవరిలో ఒక అర్ధరాత్రి కుట్రదారులు పడకగదిలో చుట్టుముట్టి, పదవీత్యాగపత్రంపై సంతకం పెట్టించుకున్నారు.

పాలకుడు స్థానికుడే కావాలన్న నిబంధన ఈసారి కాగితం మీద స్పష్టంగానే ఉంది. అయినా రొమేనియన్లు ప్రష్యా రాజవంశానికి చెందిన జర్మన్ రాకుమారుడు కరోల్‌ను ఎంచుకుని ప్రజాభిప్రాయం కోరగా అనుకూలంగా 6,85,969, ప్రతికూలంగా 224 ఓట్లు వచ్చాయి. ప్రష్యాతో యుద్ధానికి సిద్ధమవుతున్న ఆస్ట్రియా మీదుగా ఆ కాబోయే ప్రభువు నల్లకళ్లద్దాలు పెట్టుకుని, మారుపేరుతో, రైలులో రెండో తరగతి పెట్టెలో ప్రయాణించి మే నెలలో దిగాడు. ఆ వేసవిలోనే కొత్త రాజ్యాంగం దేశం పేరు రొమేనియా అని ప్రకటించగా, అక్టోబరులో కరోల్‌ను గుర్తించిన సుల్తాన్ మాత్రం అవి ఇంకా తన సామ్రాజ్యంలోని సంయుక్త సంస్థానాలేనని ఘనంగా ధ్రువీకరించాడు.