గేదె పాట పాడె

(శారదగారు స్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యారు, సుబ్బారావుగారు ఆఫీసులో లెక్కలు చూసి. ఇద్దరిలో ఎవరి చాదస్తం ఎక్కువో పక్కింటివాళ్ళు ఇంకా తేల్చుకోలేదు.)

శారద: ఏవండీ, కందిపప్పు తెమ్మని పొద్దున్నే చెప్పానా? మీరేమో ఆ కంప్యూటర్ ముందు కూర్చుని మీలో మీరే నవ్వుకుంటున్నారు.

సుబ్బారావు: ఒక్క నిమిషం ఉండవే. పైథాన్ అనే కంప్యూటర్ భాషలో చిన్న ప్రోగ్రాం రాశా. నామవాచకాలు ఒక జాబితా, క్రియలు ఒక జాబితా ఇస్తే, ఏ అక్షరం బరువైన గురువో ఏది తేలికైన లఘువో అదే గుర్తులు వేసుకుని, ఆటవెలది పద్యం కొలతకి సరిపోయే మాటల్ని చీటీలు తీసినట్టు తీసి పేర్చేస్తుంది. అర్థంతో దానికి పని లేదు.

శారద: అచ్చం మీ తమ్ముడిలాగా.

సుబ్బారావు: మధ్యలో వాడేం చేశాడు? విను. "గేదె పాట పాడె గోడపై నిదురించి"...

శారద: ఆగండాగండి. పాదం మొదటి అక్షరానికి మధ్యలో దాని జట్టు అక్షరం పడాలి, అదే కదా యతి. గేకీ గోకీ ఎక్కడ కుదిరింది? ఏకారానికి ఇ, ఈ, ఎ జట్టు, ఓకారం జట్టు వేరు. మా తొమ్మిదో తరగతి పిల్లాడు రాస్తే గోడకుర్చీ వేయించేదాన్ని.

సుబ్బారావు: దానికి యతి ఇంకా నేర్పలేదమ్మా! ఉండు, ఆ జట్లూ ఎక్కిస్తా... అదిగో, వచ్చింది:

గేదె పాట పాడె గిన్నెలో నిదురించి
మామ టోపిలోన మబ్బు మొలిచె
కాకి రైలు నడిపి కందిపప్పును తెచ్చె
పిల్లి మీసమందు పెరుగు పూసె

శారద: (నవ్వు ఆపుకుంటూ) మూడో పాదం మళ్ళీ చదవండి.

సుబ్బారావు: కాకి రైలు నడిపి కందిపప్పును తె...

శారద: విన్నారుగా. కాకి తెచ్చింది.

సుబ్బారావు: ఎగతాళి చెయ్యకు. 1952లోనే మాంచెస్టర్‌లో క్రిస్టఫర్ స్ట్రాచీ అనే ఆయన అక్కడి యూనివర్సిటీ కంప్యూటర్‌తో ప్రేమలేఖలు రాయించాడు. ఇదే పద్ధతి, మాటల జాబితాల్లోంచి తోచినట్టు ఏరడం. కింద సంతకం కూడా కంప్యూటర్‌దే, ఎం.యు.సి., అంటే మాంచెస్టర్ యూనివర్సిటీ కంప్యూటర్ అని.

శారద: ఆయన భార్య ఊరుకుందా?

సుబ్బారావు: ఆయన పెళ్ళి చేసుకోలేదు.

శారద: అదీ సంగతి. పప్పు తెమ్మనేవాళ్ళు లేకపోతే ఎన్నైనా రాయించొచ్చు. అయినా పెళ్ళైన కొత్తలో మీరు నాకు రాసిన ఉత్తరాలు ఆ మిషన్ రాసినా అలాగే ఉండేవి, ఇక్కడ వర్షాలు, అక్కడ అందరూ క్షేమమా, ఇట్లు. జరగండి, నేనూ రెండు మాటలు ఎక్కిస్తా.

సుబ్బారావు: నా పేరు పెట్టు.

శారద: సుబ్బారావు... వరసగా మూడు గురువులు, చివర లఘువు. ఆటవెలదిలో పట్టే అక్షరాల గుంపులు రెండే రకాలు, సూర్యగణాలు, ఇంద్రగణాలు. ఇది ఆ రెండూ కాదు. మీరు ఎక్కడా ఇమడరని మా నాన్న అప్పుడే అన్నారు.

సుబ్బారావు: మరి నీ పేరో?

శారద: శారద, ఒక గురువు, రెండు లఘువులు, భగణం. ఇంద్రగణాల్లో దర్జాగా కూర్చుంటుంది.

సుబ్బారావు: మా అమ్మ నన్ను సుబ్బి అనేది. అది వెయ్యి.

శారద: సుబ్బి... ఒక గురువు, ఒక లఘువు, గలం, సూర్యగణమే. పిల్లిని తీసేసి మిమ్మల్ని పెడుతున్నా. (మీట నొక్కి) "సుబ్బి మీసమందు సొరలు పూసె". యతి కూడా కుదిరిందండీ!

సుబ్బారావు: కావాలనే చేశావు! తీసెయ్ ముందు.

శారద: ఇంకెక్కడ తీసేది? మా పుట్టింటి గ్రూపులో పెట్టేశా. పెద్దన్నయ్య మీ మీసాల ఫోటో అడుగుతున్నాడు.